మూసిపెట్టిన పాట

హాక్‌నెస్ట్ బోర్,
జూన్ మొదటి వారం.

మావిస్ అక్కా,

పోయిన వారం దుమ్ముగాలికి పోస్టు విమానం దిగలేదు. అందుకే నా ఉత్తరం ఆలస్యం. నీ మీద అలక అనుకునేవు, అదేం కాదు. నీకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. చెప్పాలంటే భయంగా ఉంది కాబట్టి ముందు మిగతా కబుర్లు రాస్తాను.

మొన్న బడిలోకి ఉడుము దూరింది. పిల్లలు లెక్కలు గాలికొదిలేసి దాన్ని తరిమి పట్టుకుని మధ్యాహ్నానికల్లా కాల్చుకు తినేశారు. కొత్తగా వచ్చిన టీచరమ్మ తలుపు వేసుకుని ఏడ్చింది. ఆవిడకు నేను టీ పెట్టిచ్చి ఓదార్చాను, నాకేమో ఒక్క ముక్క కూడా మిగల్చలేదు వెధవలు.

మన మరదలు ఇంకా విధవరాళ్ళ గుడిసెల దగ్గరే ఉంటోంది. మైల తీరేదాకా నోరు విప్పకూడదు కదా, అన్నీ చేతి సైగలే. నీ గురించి రోజూ అడుగుతుంది. నడుము మీద చెయ్యి వేసి, తర్వాత ఆ చేతిని గుండ్రంగా తిప్పుతుంది. అంటే నీ కిడ్నీల యంత్రం ఎలా పనిచేస్తోందని. బాగుందని సైగ చేస్తాను.

ఇక అసలు సంగతి. బుధవారం పట్టపగలు దుకాణంలో రొట్టె కొనుక్కుని పాత రేకుల హాలు పక్కనుంచి వస్తున్నాను. లోపల మన తమ్ముడు పాడుతున్నాడు. ఊట పాట. ఇసుకలో అమ్మ చేత్తో తవ్వి నీళ్ళు తీసిందే, ఆ పాట. వాడు పోయి ఏడాది కావస్తోంది. వాడి క్యాసెట్లన్నీ ఇనప పెట్టెలో పెట్టి చర్చి వెనక గదిలో తాళం వేసింది నేనే. ఆ గొంతు ఎక్కణ్ణుంచి వస్తోంది? రొట్టె ఎక్కడ పడేశానో తెలియదు. ఇంటికి పరుగెత్తి, తల మీద దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాను. నా పళ్ళు టకటక కొట్టుకోవడం నాకే వినిపించింది.

ఎవరో కాదు, లయనెల్. వాడి కొడుకే. తండ్రి గొంతు పుణికిపుచ్చుకున్నాడు. సాయంత్రం నా దగ్గరకొచ్చి తలొంచుకుని నిలబడ్డాడు. "అత్తా, ఆగస్టులో ఆటల పండక్కి అన్ని ఊళ్ళ బ్యాండ్లూ వస్తాయి గదా. నాన్న పాట పాడతాను. పెద్దత్తని అడిగి పెట్టవా?" అన్నాడు. పెద్దక్కవి నువ్వు. పోయినవాడితోపాటు మూసేసిన ఆ పాట నీ నోటితో చెబితే తప్ప తెరుచుకోదు. వాడికీ తెలుసు.

ఇంకొకటి కూడా అడిగాడు. వాళ్ళ నాన్న గిటారు మొదటిసారి ఎప్పుడు విన్నాడని. నేను చిన్నపిల్లని, లారీ కింద దాక్కున్నట్టు మాత్రమే గుర్తు. ఆ కచేరీ సంగతి నువ్వే రాయి. పాట సంగతి కూడా రాయి. ఏం చెప్పినా త్వరగా చెప్పు.

నీ చెల్లెలు,
డల్సీ


ఆలిస్ స్ప్రింగ్స్,
జూన్ నెల సగంలో.

డల్సీ,

వద్దు.

ముందు ఆ మాట రాసేశాను, ఇక మిగతాది చదువుకో. వాణ్ణి రేకుల హాలు వైపు పోవద్దని చెప్పు. గిటారు తీగలు తెంపి నీ దగ్గర పెట్టుకో. ఎంత ఏడ్చినా ఇవ్వకు. నువ్వు మెత్తనిదానివి, నాలుగు కన్నీటి బొట్లకే కరిగిపోతావు.

నా సంగతి బాగానే ఉంది. ఈ రోగుల హాస్టల్లో కూర ఉప్పూ కారం లేకుండా తగలేస్తున్నారు. వంటవాడు తెల్లవాడు, మంచివాడే. ఖర్మకొద్దీ వాడిది మన తమ్ముడి పేరే. పోయినవాడి పేరు నోట పలకకూడదు కదా, అందుకని "ఒరే పేరులేనోడా, ఇంకో రొట్టె పడెయ్" అంటాను. పాపం, తనకు పేరుందని నాకు చెప్పీ చెప్పీ అలిసిపోయాడు.

ఆ మొదటి కచేరీ అడిగావు. పిల్లాడు తెలుసుకోవాల్సిందే, చెప్పు.

మన ఊరికి పెద్ద టోపీ పెట్టుకున్న పాటగాడు లారీ వేసుకుని వచ్చాడు. లారీ మీదే పలకలు పరిచి, రెండు నల్ల పెట్టెలు పెట్టి, ఊరి జనరేటరు నుంచి తీగ లాగారు. ఊరి మీద అజమాయిషీ చేసే దొర మనల్ని వరసల్లో కూర్చోబెట్టాడు, ఆడవాళ్ళొక వైపు, మగవాళ్ళొక వైపు. పాటగాడు గిటారు మీద చెయ్యి వేశాడో లేదో ఆ పెట్టె కీచుమని అరిచింది. అలాంటి అరుపు మన మనుషులెవరూ వినలేదు. అవ్వ గుప్పెడు ఇసుక తీసి లారీ మీదికి విసిరి, పిల్లల్ని చంకలో వేసుకుని పొదల్లోకి పరుగు. వెనకే ఊరంతా. నువ్వు లారీ కింద దూరావు. కాళ్ళు పట్టి లాగితే నన్ను కొరికావు.

వాడొక్కడే కదల్లేదు. మైదానంలో వాడూ, నాలుగు కుక్కలూ మిగిలారు. ఆ పాటగాడు మంచివాడే, నవ్వి ఊరుకుని పాట పూర్తిగా వాడికోసమే పాడాడు. నేను పొద చాటునుంచి చూస్తున్నాను. నాకు భయం వేసింది పెట్టెను చూసి కాదు. వాడి మొహం చూసి. నేను గొంతు చించుకుని పిలుస్తుంటే వాడికి వినపడడం లేదు. నా తమ్ముణ్ణి ఎవరో నా కళ్ళ ముందే తీసుకుపోతున్నట్టు అనిపించింది.

చివరికి అదే అయింది. కచేరీ చేసి వస్తూనే కారు బోల్తాపడి పోయాడు. ఆ పెట్టె వాడి కొడుకుని కూడా పిలుస్తోంది. నేను పంపను. పోయినవాళ్ళ పాట తొందరపడి తెరిస్తే వాళ్ళు వెనక్కి తిరిగి చూస్తారు. ఎవరు పాడారా అని చూస్తారు. అది నీకు నేను చెప్పాలా?

పాట వద్దు. అంతే.

మావిస్


హాక్‌నెస్ట్ బోర్,
జులై.

అక్కా,

నీ మాట వాడికి చెప్పాను. కోప్పడలేదు, ఎదురు చెప్పలేదు. "సరే అత్తా" అన్నాడు. అలా అన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. వాళ్ళ నాన్న కూడా సరే అనే అన్నీ చేసేవాడు.

వాడు డెస్మండ్‌కి కబురు పెట్టాడు.

సాల్ట్ క్రీక్ నుంచి డ్రమ్ములు వాయించేవాడు, మన తమ్ముణ్ణి అన్నా అన్నా అంటూ వదలకుండా తిరిగేవాడు, ఆ డెస్మండే. ఆ రాత్రి కారు తోలుతూ కునుకు తీసి మనవాణ్ణి పొట్టన పెట్టుకున్నవాడు. భుజం ఎముక విరిగి తాను మాత్రం బతికాడు. చావుకి రాలేదు. ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. తప్పు లేనివాడైతే ఎందుకు దాక్కుంటాడని అప్పుడే అందరం అనుకున్నాం.

లయనెల్‌ని నిలదీశాను. "చివరిదాకా నాన్న పక్కన ఉన్నది చిన్నాన్నే అత్తా. ఆ పాట తాళం తెలిసింది ఆయనకే. పాడనివ్వకపోతే పోనీ, ఆయన్ని చూడాలి నేను" అన్నాడు. ఆటల పండక్కి వస్తానని ఆ మనిషి కబురంపాడట. వస్తే ఏమవుతుందో తెలియనట్టు.

ఈ మాట హెక్టర్ మామ చెవిన పడింది. దుకాణం ముందు అందరిలో నిలబడి అరిచాడు. "రానీయండిరా వాణ్ణి! ఈ నేల మీద కాలు పెట్టినాక మళ్ళీ నడుచుకుంటూ పోతే నా పేరు మార్చి పిలవండి!" అన్నాడు. కుర్రాళ్ళంతా ఆయన చుట్టూ చేరారు. అవతలి ఊరివాళ్ళు డెస్మండ్‌ని ఒంటరిగా పంపుతారా? వాళ్ళూ లారీలతో వస్తారు. ఆటలమాట దేవుడెరుగు, ఎంతమంది తలలు పగులుతాయో. మధ్యలో నిలబడేది మన పిల్లాడు.

ఇప్పుడు నీ సంగతి. పిన్ని కూతురు ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి వచ్చింది. నువ్వు వారానికి మూడుసార్లు యంత్రం దగ్గరికి పోవాల్సింది, ఒక్కసారే పోతున్నావట. వ్యాను వస్తే మంచం కింద చెప్పులు వెతుకుతున్నట్టు నటిస్తావట. కాళ్ళు మోకాళ్ళదాకా ఉబ్బిపోయాయట. బాగానే ఉన్నానని నాకెందుకు రాశావు? నేను నీకేమైనా పరాయిదాన్నా?

నువ్వు దేనికో భయపడుతున్నావు. పోయిన ఉత్తరం చదివినప్పుడే తెలిసింది. అంత గట్టిగా వద్దని నువ్వు భయపడ్డప్పుడే అంటావు. ఏమైంది?

డల్సీ


ఆలిస్ స్ప్రింగ్స్,
జులై ఆఖరు.

డల్సీ, నా చిట్టి చెల్లీ,

ఈ ఉత్తరం ఒంటరిగా ఉన్నప్పుడు చదువు. చదివాక పొయ్యిలో పెట్టు.

నువ్వు మొదటి ఉత్తరం రాయకముందే జరిగింది. నన్ను యంత్రానికి తగిలించారు. ఎడమ చేతిలో రెండు లావుపాటి సూదులు. ఆ చెయ్యి కదిలిస్తే రక్తం పిచికారీలా కొడుతుందని దిండుకి పట్టీతో కడతారు. అలా నాలుగైదు గంటలు. గదిలో ఎవరో రేడియో పెట్టారు, మనవాళ్ళ పాటలు వేసే రేడియోనే. కొత్తగా చేరిన పిల్ల మాట్లాడుతోంది, ఎక్కడిదో పాపం, ఏం తెలియదు. అల్మారాలో పాత టేపు దొరికిందట, సాల్ట్ క్రీక్‌లో జరిగిన కచేరీదట. పాటగాడి పేరు చెప్పింది.

వాడి పేరు, డల్సీ. ఏడాదిగా ఎవరి నోటా రాని పేరు. గదిలో ఉన్న మనవాళ్ళంతా బిగుసుకుపోయారు. నర్సుని పిలిచాను, ఆవిడ పక్క గదిలో ఉంది. పాట మొదలైంది. లేచి పారిపోదామంటే ఒళ్ళు యంత్రంలో ఉంది. కుడిచేత్తో కుడి చెవి మూసుకున్నాను. ఎడమ చెవి మూసుకోవడానికి చెయ్యేది? దాని పక్కనుంచే నా రక్తం గొట్టంలో తిరుగుతోంది. ఆ చెవిలోకి వాడు ఊట పాట పాడాడు.

నీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేను. పాట సగంలోకి వచ్చేసరికి మూసుకున్న ఆ చేతిని కూడా దించేశాను. విన్నాను. మొత్తం విన్నాను. అంత బాగుంది.

పాట అయ్యాక జనం ఈలలు వేశారు. అప్పుడు వాడు మాట్లాడాడు. మాటకి మాట గుర్తుంది నాకు. "ఇంక చాలయ్యా, మేం బయల్దేరాలి. రేప్పొద్దున మా అక్కని కిడ్నీల యంత్రానికి తగిలిస్తారు, మొదటిసారి. పైకి గయ్యాళిలా ఉంటది గానీ లోపల ఉత్త పిరికిది. నేను పక్కన కూర్చోకపోతే కిటికీలోంచి దూకి పారిపోద్ది. మా డెస్మండేమో తెల్లారినాక పోదాం అన్నా, నిద్రమొహంతో ఉన్నావు అంటున్నాడు. వాడి మాటలు వినకండి. తాళాలు నా జేబులో ఉన్నాయి, నేనే తోలతా." జనం పకపకా నవ్వారు. తర్వాత కారు టైర్ల ప్రకటన వచ్చింది.

తోలింది డెస్మండ్ కాదు. వద్దన్నది డెస్మండ్. ఆ మాటలు వందల మంది ముందు చెప్పాడు మన తమ్ముడు. విన్న సాల్ట్ క్రీక్‌వాళ్ళు మనతో వాదించాలంటే పోయినవాడి మాటలు తమ నోటితో మళ్ళీ పలకాలి. పలకలేదు. మనమా, ఆ గొంతున్న టేపు దగ్గరికే పోలేదు. మర్యాదకొద్దీ అందరం చెవులు మూసుకున్నాం, ఆ మర్యాద కిందే ఒక మనిషిని పాతేశాం.

ఆ రాత్రి వాడు వస్తున్నది నా దగ్గరికి. నేను రమ్మనలేదు డల్సీ, ఒట్టు. వస్తున్నాడని కూడా నాకు తెలియదు. ఆ పొద్దున నేను యంత్రం పక్కన కూర్చుని, ఒక్కడూ రాలేదు చూడు అని మిమ్మల్నందరినీ తిట్టుకుంటున్నాను.

ఇప్పుడా గదిలోకి పోతే నా పక్కన ఖాళీ కుర్చీ కనిపిస్తుంది. అది ఖాళీగా ఉందో లేదో నాకు తెలియడం లేదు. నేను వాడి గొంతు విన్నాను కదా, విన్నానని వాడికి తెలుసు. పిలవడానికి వస్తాడు. అందుకే పోవడం లేదు. పోకపోతే చస్తానని డాక్టరు అంటోంది. పోతే వాడు తీసుకుపోతాడని నేనంటున్నాను. ఎటు చూసినా అదే.

ఏం చెయ్యమంటావు?

మావిస్


హాక్‌నెస్ట్ బోర్,
ఆగస్టు మొదట్లో.

అక్కా,

ఉత్తరం పొయ్యిలో పెట్టాను. పెట్టాక కూడా అది చదువుతున్నట్టే ఉంది.

మొదట నీ మీద కోపం వచ్చింది. పోయినవాడి గొంతు వింటావా, పైగా చెయ్యి దించి వింటావా, అని పళ్ళు కొరుక్కున్నాను. తర్వాత ఏడుపొచ్చింది. తర్వాత భయం పట్టుకుంది, అది మాత్రం పోలేదు. వాడు నీ దగ్గరికి రాకుండా నిన్నట్నుంచి పచ్చి ఆకుల పొగ వేస్తున్నాను, ఇంత దూరంనుంచి అది చేరుతుందో లేదో.

నేను కూడా నీ దగ్గర ఒకటి దాచాను. హెక్టర్ మామ అరిచాడని రాశాను కదా. ఆయనకంటే ముందే నేను ముల్గా చెట్టు కర్ర నరికి తెచ్చుకున్నాను. బెరడు తీసి, గాజు పెంకుతో నున్నగా గీసి మంచం పక్కన పెట్టుకున్నాను. డెస్మండ్ వస్తే మొదటి దెబ్బ నాదే అనుకున్నాను. తమ్ముడికి అక్కలం మనం, ఆ హక్కు మనదే కదా. రోజూ ఆ కర్రని తడుముకుంటూ నిద్రపోయేదాన్ని. ఇప్పుడు దాన్ని చూడలేక మంచం కిందికి తోసేశాను. నీ ఉత్తరం ఒక్క నెల ఆలస్యమై ఉంటే?

మామకి చెప్పి చూశాను, నీ పేరెత్తకుండా. డెస్మండ్ తోలలేదేమోనని ఊరికే అన్నాను. "నీకెవరు చెప్పారే? గాలి చెప్పిందా?" అని కసిరాడు. నేను చెబితే నమ్మరు. ఆ మాటలు చెవులారా విన్నది నువ్వు. పెద్దక్కవి. నువ్వొచ్చి అందరి ముందు చెప్పాలి. అలా చెప్పాలంటే గొంతు విన్నానని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే మామ నిన్నేమంటాడో! ఇంకా మన చుట్టాలు, వాడు చచ్చింది నీకోసమేనని...

రాయలేను. నువ్వు రావద్దు అక్కా. ఆ కాళ్ళతో ఆ రోడ్డు మీద వద్దు. వాడు పోయింది ఆ రోడ్డు మీదే. యంత్రం తప్పితే నీ ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరతాయని క్లినిక్ నర్సు చెప్పింది.

కాని నువ్వు రాకపోతే డెస్మండ్‌ని చంపేస్తారు. చంపినవాళ్ళు జైలుకి పోతారు. లయనెల్ వాళ్ళ మధ్యలో దూరుతాడు. నేను రమ్మంటున్నానో వద్దంటున్నానో నాకే తెలియడం లేదు.

డల్సీ


ఆలిస్ స్ప్రింగ్స్,
శుక్రవారం.

డల్సీ,

ఈ చీటీ ముందు పోయే కారులో పంపుతున్నాను. ఇవాళ యంత్రం దగ్గరికి పోయి వచ్చాను. పక్క కుర్చీకి వీపు తిప్పి కూర్చున్నాను. ఇంకా రెండు రోజులు బండి నడుస్తుంది.

రేపు పొద్దున్నే చర్చి వ్యానులో వస్తున్నాను. నాకోసం కంగారూ తోక ఒకటి కాల్చి ఉంచు. ఉప్పు వెయ్యకు, డాక్టరు తిడుతుంది. కొంచెం వెయ్యి.

చాలా భయంగా ఉంది. ఎవరికీ చెప్పకు.

అక్క


హాక్‌నెస్ట్ బోర్,
సోమవారం.

అక్కా,

నువ్వు ఊపిరి పీలుస్తున్నావనీ, మాట్లాడుతున్నావనీ క్లినిక్ రేడియోలో చెప్పారు. ఆ మాట విన్నాకే కలం పట్టుకున్నాను. డాక్టర్ల విమానం నిన్నెత్తుకుపోయాక జరిగినవన్నీ నీకు చెప్పాలి. నువ్వుండగా జరిగింది కూడా కొంచెం చెబుతాను. నీ చూపు అప్పటికే మసకబారింది, జనం మొహాలు నీకు కనిపించలేదు.

పండగ మైదానంలో చింకి దుప్పటి మీద కూర్చుని నువ్వు "నేను విన్నాను" అనగానే ఆడవాళ్ళు నోళ్ళు మూసుకున్నారు. హెక్టర్ మామ లేచి నిలబడ్డాడు. నిన్ను కొట్టడానికే లేచాడనుకుని నేను అడ్డంగా కూర్చున్నాను. నువ్వు ఆగలేదు. వాడి మాటలు వాడి యాసలోనే చెప్పుకుంటూ పోయావు. పిరికిది అన్న మాట కూడా మింగకుండా చెప్పావు. తాళాలు నా జేబులో ఉన్నాయి అన్న చోట మామ కాళ్ళు ముడుచుకుని మళ్ళీ కూలబడ్డాడు. ఆ ఫక్కీ ఇంకెవరిదీ కాదని ఆయనకు తెలుసు, ఎత్తుకు పెంచినవాడు కదా. నీకోసం వచ్చాడు కాబట్టే చచ్చాడని ఒక్కరూ అనలేదు. నేను ఒక్కొక్క మొహమే చూశాను అక్కా. ఎవరి మొహంలోనూ ఆ మాట లేదు.

"పాట తెరిచాను" అని చెప్పి నువ్వు పక్కకి ఒరిగిపోయావు. పెదాలు నీలంగా మారాయి. నర్సు పరుగెత్తుకొచ్చింది. విమానం లేచి చుక్కలా మారేదాకా నేను ఆ దుమ్ములోనే నిలబడ్డాను. నిన్ను కూడా పంపేశామనుకున్నాను.

అప్పుడే సాల్ట్ క్రీక్ లారీలు వచ్చాయి. వాళ్ళు దిగలేదు. డెస్మండ్ ఒక్కడే దిగి, చొక్కా విప్పి లారీలో పడేసి, మైదానం మధ్యలోకి నడిచి వచ్చాడు. సన్నబడిపోయాడు, భుజం ఒకటి కిందికి దిగిపోయింది. మన కుర్రాళ్ళ చేతుల్లో కర్రలున్నాయి. జరిగింది సగంమందికి ఇంకా తెలియదు.

మామ అడిగాడు: "తాళాలు ఎవరి దగ్గరున్నాయిరా?"

డెస్మండ్ నేల చూశాడు. పలకలేదు. అప్పుడు కూడా పలకలేదక్కా! లయనెల్ పోయి అతని పక్కన నిలబడ్డాడు. "పెద్దత్త చెప్పేసింది చిన్నాన్నా. ఇంక నువ్వు మోయనక్కర్లేదు" అన్నాడు.

"పోయినోడి మీద నేనెట్లా చెప్తా? ఆయన తిరిగి జవాబు చెప్పుకోలేడు గదా" అన్నాడు డెస్మండ్. ఏడాదిలో అతను మన మనుషులతో మాట్లాడిన మొదటి మాట అది. తర్వాత నా దగ్గరికి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని తలొంచాడు. "కొట్టు అక్కా."

"దేనికిరా? నువ్వేం చెయ్యలేదు గదా?"

"అదే కారులోంచి నేను బతికి బయటికొచ్చా గదా. దానికైనా కొట్టు. కొట్టకపోతే నాకు తీరదు."

కర్ర ఎత్తాను. నున్నగా గీసుకున్న నా కర్రే. అతని మంచి భుజం మీద ఆనించి వదిలేశాను. తర్వాత ఇద్దరం మెడలు పట్టుకుని గొంతెత్తి ఏడ్చాం. ఆడవాళ్ళంతా అందుకున్నారు. కుర్రాళ్ళు కర్రలు ఎక్కడ పెట్టాలో తెలియక దిక్కులు చూశారు. హెక్టర్ మామ ఆ లారీల వైపు తిరిగి "దిగండి, దిగండి, టీ చల్లారిపోతోంది" అని కసిరాడు. ఆయన క్షమాపణ అంతే.

పొద్దు వాలాక బ్యాండ్లు ఎక్కాయి. ఏం వాయించారో నాకు తెలియదు. లయనెల్ వంతు ఎప్పుడొస్తుందా అని చెమటలు కక్కుతూ కూర్చున్నాను. వాడు ఎక్కాడు, వెనక డ్రమ్ముల దగ్గర డెస్మండ్. ముందు వరసలో కూర్చున్న ముసలమ్మలంతా దుప్పట్లు తల మీదికి లాక్కున్నారు. మరదలు లాక్కోలేదు. నేను లాక్కున్నాను, నీకు అబద్ధం చెప్పను.

మొదటి చరణం మొత్తం మన తమ్ముడే. దుప్పటి లోపల చీకట్లో వాడే ఉన్నాడు. తెరవకుండా ఉండాల్సింది, వాడు వచ్చేశాడు, పిల్లాణ్ణి తీసుకుపోతాడు అనుకుంటూ ఇసుక గుప్పెట్లో పట్టుకున్నాను. రెండో చరణం పైకెత్తేచోట గొంతు పుటుక్కున చీలింది. కోడిపుంజులా కీచుమంది. కుర్రాళ్ళెవరో నవ్వారు. మన తమ్ముడి గొంతు ఎన్నడూ చీలలేదక్కా, నీకు తెలుసుగా. దుప్పటి తీసి చూశాను. లైటు కింద చెవులు ఎర్రబడి, చెమటలు కారుతూ, మళ్ళీ అందుకోవడానికి నానాతంటాలు పడుతున్నవాడు లయనెల్. ఉత్త లయనెల్. మన పిల్లాడు, బతికి ఉన్నాడు. నేను అంత గట్టిగా ఎప్పుడూ చప్పట్లు కొట్టలేదు.

నా జీవితంలో మరిచిపోలేని కచేరీ ఏదని ఎవరైనా అడిగితే ఆ చీలిన గొంతు గురించే చెబుతాను. నువ్వు వినలేకపోయావు. అదొక్కటే నాకు మిగిలిన బాధ.

యంత్రం దగ్గరికి పోతున్నావా? నిజం రాయి.

డల్సీ


ఆలిస్ స్ప్రింగ్స్,
సెప్టెంబరు.

డల్సీ,

నిజమే రాస్తున్నాను. ఆస్పత్రి నుంచి హాస్టల్‌కి వచ్చాక ఆ గది తలుపు దాకా పోయి రెండుసార్లు వెనక్కి తిరిగాను. అందరి ముందు అన్నీ చెప్పేస్తే భయం పోతుందనుకున్నాను. పోలేదు. పాట తెరిస్తే పోతుందనుకున్నాను. అదీ కాలేదు. డాక్టరు నా మీద అరిచింది. నేను తిరిగి అరిచాను.

నిన్న పొద్దున వ్యాను వచ్చింది. మంచం కింద చెప్పులు వెతుకుతున్నాను. ఎవరో తలుపు దగ్గర నిలబడి "ఇవిగో అక్కా" అన్నారు. వాడు పోయాక నువ్వు తప్ప ఆ మాటతో నన్ను పిలిచేవాళ్ళు లేరు కదా, ఉలిక్కిపడి తల మంచానికి కొట్టుకుంది. చూస్తే డెస్మండ్, నా చెప్పులు పట్టుకుని. సాల్ట్ క్రీక్ నుంచి తానే కారు తోలుకొచ్చాడట, అదే రోడ్డు మీద. ఏడాదిగా స్టీరింగు ముట్టుకోలేదట. బోల్తాపడిన చోట ఆగి, కాసేపు కూర్చుని వచ్చానన్నాడు. ఎందుకొచ్చావురా అంటే చెప్పులు నా కాళ్ళ దగ్గర పెట్టాడు. ఆ మనిషికి జవాబులు చెప్పే అలవాటే లేదు.

నాతోబాటు వ్యానెక్కాడు. గదిలోకి వచ్చాడు. సూదులు గుచ్చుతుంటే కళ్ళు మూసుకున్నాడు, నాకంటే పిరికివాడు. తర్వాత నేరుగా పోయి నా ఎడమ పక్కనున్న ఆ కుర్చీలో కూర్చున్నాడు. నేను వద్దని అరవబోయాను. అప్పటికే కూర్చున్నాడు. అది మామూలు కుర్చీలాగే కిర్రుమంది.

నా రక్తం గొట్టాల్లో తిరగడం మొదలైంది.

"భయంగా ఉందా అక్కా?" అని అడిగాడు.

"ఉందిరా" అన్నాను.

కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాడు.

మీ అక్క,
మావిస్